ఆక్సోలోటల్‌ ట్యాంకులో తోడుగా దేన్ని వెయ్యొచ్చు, దేన్ని వెయ్యకూడదు?

"మావయ్యా, పాపం అదొక్కటే ఉంది. ఏటైనా తోడు వెయ్యమంటావా?"

విజయనగరంలో ఉండే మా చెల్లెలి కొడుకు నెలకోసారైనా ఫోన్ చేసి ఇదే అడుగుతాడు. ఇంటర్ చదువుతున్నాడు. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేములోకి 2021లో ఆక్సోలోటల్‌ అనే, నీళ్లలో బతికే బల్లిలాంటి జీవి వచ్చినప్పటి నుంచి వాడికి దాని మీదే మనసు. ఆటలో అవి గుంపుగా తిరుగుతాయి, బకెట్లో వేసి ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. ఇంట్లో గాజు ట్యాంకులో ఉన్నది మాత్రం పగలంతా కుండపెంకు కింద కదలకుండా పడుకుంటుంది. వాడికి అది దిగులులా కనబడుతోంది.

నేను శ్రీకాకుళంలో మూడేళ్లుగా ఒకదాన్ని పెంచుతున్నాను. అంతకు ముందు పదేళ్లకు పైగా గప్పీలు, ఏంజెల్ ఫిష్‌లు, గోల్డ్ ఫిష్‌లు పెంచిన అలవాటు ఉంది. ఆ అలవాటుతోనే మొదట్లో ఒక తప్పు చేశాను, అది తర్వాత చెబుతాను. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తే, ఇలాగే అడిగే మిగతావాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. అన్నిటికంటే మంచిది దాన్ని ఒంటరిగా ఉంచడమే. తప్పదనుకుంటే అదే సైజు, అదే లింగం ఉన్న ఇంకో ఆక్సోలోటల్‌. ఆ తర్వాత, తినేసినా బాధపడను అనుకుంటేనే, వైట్ క్లౌడ్ మౌంటెన్ మినో అనే చిన్న చేపలు. షాపులో దొరికే మిగతా వాటిలో చెర్రీ రొయ్యల్ని తిండి లెక్కలో వెయ్యొచ్చు. ఇంక దేన్నీ ఆ నీళ్లలో వెయ్యొద్దు.

దానికి దిగులు లేదు

ఆక్సోలోటల్‌ చేప కాదు, కప్ప జాతికి దగ్గరైన సాలమాండర్. మిగతా సాలమాండర్లలో చాలా వరకు పెద్దయ్యాక మొప్పలు పోగొట్టుకుని గట్టెక్కుతాయి. ఇది బతికినంత కాలం పిల్ల రూపంలోనే, నీళ్లలోనే ఉండిపోతుంది. జత కట్టే సమయంలో తప్ప ఇంకో జీవి కోసం వెతకదు. మనం జాలిపడే ఆ కదలని పగలు దానికి నిద్ర, విశ్రాంతి. చీకటి పడ్డాక లేచి అడుగున మెల్లగా నడుస్తుంది.

దాని చూపు అంతంతమాత్రం. వాసనతోనూ, నీటి కదలికతోనూ తిండి పోల్చుకుంటుంది. నోటి ముందు ఏది కదిలినా నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది. నమలడం లేదు, మింగడమే. అందుకే దాని నోట్లో పట్టేదేదైనా దానికి తిండే. నోట్లో పట్టని పెద్ద చేపకేమో దీని మెడ దగ్గర ఈకల్లా ఊగే మొప్పలు ఎర్రటి పురుగుల్లా కనబడతాయి, వచ్చి కొరుకుతుంది. తోడు కష్టమయ్యేది ఇక్కడే. చిన్నవాటిని ఇది తింటుంది, పెద్దవి దీన్ని పీక్కుతింటాయి.

దాని సొంత ఊళ్లో జరిగింది వింటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఆక్సోలోటల్‌ ప్రపంచం మొత్తమ్మీద సహజంగా మిగిలింది మెక్సికో సిటీ పక్కన షోచిమిల్కో కాలువల్లోనే. మనుషుల తిండికని ఆ నీళ్లలోకి తిలాపియా, కార్ప్ చేపల్ని తెచ్చి వదిలారు. కార్ప్ అంటే మనం బంగారు తీగ అంటామే, అదే జాతి. అవి దీని గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి, నీళ్లు కూడా పాడయ్యాయి. 1998లో అక్కడ లెక్క కట్టినప్పుడు చదరపు కిలోమీటరుకి సుమారు 6,000 ఉంటే, 2014 నాటికి 36 మిగిలాయి. అంత పెద్ద కాలువల్లోనే చేపల పక్కన నిలబడలేకపోయిన జీవిని మూడడుగుల గాజు పెట్టెలో వాటి పక్కన పెట్టాలంటే నాకు చెయ్యి రాదు.

ముందు తేలాల్సింది నీళ్ల వేడి

మన జిల్లాల్లో ఈ ప్రశ్న సగం థర్మామీటరు దగ్గరే తేలిపోతుంది. ఆక్సోలోటల్‌కి హాయిగా ఉండేది 16 నుంచి 18 డిగ్రీలు. 20 దాకా సర్దుకుంటుంది. 24 దాటితే తిండి మానేస్తుంది, చర్మం మీద బూజు పడుతుంది, కొన్నాళ్లలో ప్రాణం మీదికొస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది.

మే నెలలో మా మేడ మీద సింటెక్స్ ట్యాంకు నీళ్లు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఇంట్లో నీడన పెట్టిన చేపల ట్యాంకు కూడా 30 దాటుతుంది. కొందరు ట్యాంకు మీద ఫ్యాను పెట్టమంటారు. ఫ్యాను గాలికి నీరు ఆవిరైతేనే చల్లబడుతుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లు మనవి, ఉక్కపోతలో ఒంటి మీద చెమటే ఆరదు, ఇంక ట్యాంకు నీళ్లెక్కడ ఆరతాయి? ఏసీ 24లో పెడితే నీళ్లు కూడా ఆ దరిదాపుల్లోనే ఆగుతాయి. ఐస్ బాటిళ్లు వేస్తే పొద్దున ఒక వేడి, మధ్యాహ్నం ఒక వేడి, ఆ ఊగిసలాట దానికి ఇంకా చెడ్డది. కంప్రెసర్‌తో నడిచే, నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా ఇక్కడ ఆక్సోలోటల్‌ని పెంచకూడదని నా గట్టి అభిప్రాయం. తోడు కోసం పెట్టే డబ్బు ముందు దాని మీద పెట్టండి.

చిల్లర్ పెట్టాక ట్యాంకు 18 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అప్పుడు షాపులో కనబడే చేపల్లో ఎక్కువ భాగం వాటంతట అవే పక్కకి పోతాయి. బెట్టా, ఏంజెల్, గౌరామీ, మోలీ, టెట్రా, ఇవన్నీ 24 నుంచి 28 డిగ్రీల నీళ్లకి పుట్టినవి. 18 డిగ్రీల్లో అవి ముడుచుకుపోతాయి, జబ్బు పడతాయి. రెండింటికీ మధ్యలో 22లో పెడదాం అని ఒకాయన నాతో అన్నాడు. అలా పెడితే అటు చేపకి చలి, ఇటు దీనికి వేడి. రెండూ బాధపడతాయి.

ఇంకో ఆక్సోలోటల్‌

తోడు అంటే నాకు కాస్తయినా మనసొప్పేది ఇదొక్కటే. నీళ్ల వేడి, తిండి, నీటి ప్రవాహం అన్నీ రెండింటికీ ఒకటే. కానీ షరతులున్నాయి.

మొదటిది సైజు. చిన్నప్పుడు ఇవి ఒకదాన్నొకటి తింటాయి. అరచేయంత కూడా లేని పిల్లల్ని ఒకచోట వేస్తే పొద్దునకి ఒకదానికి కాలుండదు. పోయిన కాలు మళ్లీ మొలుస్తుంది, నిజమే, ఆక్సోలోటల్‌కి అంత పేరు దానివల్లే వచ్చింది. కానీ మొలుస్తుంది కదా అని కొరికించడం న్యాయం కాదు. ఆ పుండులో బూజు పడితే పిల్ల చచ్చిపోతుంది. రెండూ 15 సెంటీమీటర్లు దాటాకే కలపాలి, రెండింటి మధ్య రెండు మూడు సెంటీమీటర్లకి మించి తేడా ఉండకూడదు.

రెండోది లింగం. ఏడాది, ఏడాదిన్నర వయసు వచ్చేదాకా తెలియదు. మగదానికి వెనక కాళ్ల దగ్గర, తోక మొదట్లో ఉబ్బు స్పష్టంగా కనబడుతుంది, ఆడదానికి ఉండదు. అది తేలకుండా కలిపితే ఒకరోజు మొక్కల ఆకుల మీదా పైపుల మీదా జిగురు బుడగల్లాంటి గుడ్లు కనబడతాయి. ఒక్క కాన్పుకి వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాకా పెడుతుంది. మగది వెంటే ఉంటే ఆడది కోలుకునే లోపే మళ్లీ గుడ్లు పెట్టి చిక్కి శల్యమవుతుంది. ఒకే షాపులో ఒకేసారి కొన్నవి అన్నాచెల్లెళ్లు అయ్యే అవకాశం కూడా ఎక్కువ. కాబట్టి రెండు ఆడవి, లేదా రెండు మగవి.

ఇక్కడ చట్టం మాట కూడా ఉంది. ఆక్సోలోటల్‌ అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి విదేశీ జీవుల్ని పెంచేవాళ్లు నమోదు చేయించుకోవాలి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఆ నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ 2.0 పోర్టల్‌లో చెయ్యాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజెయ్యాలి. ఆడా మగా కలిపి వెయ్యి గుడ్లు పెట్టించుకున్నవాడికి ఎంత పనో ఆలోచించండి. రెండోదాన్ని కొనేముందు కాగితాలు అడగండి, ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి.

మూడోది చోటు. ఒకదానికి నేను 110 లీటర్ల ట్యాంకు తక్కువలో తక్కువ అంటాను. రెండింటికి 150 లీటర్లు, అదీ ఎత్తు కాదు, పొడవు వెడల్పులు ఎక్కువ ఉన్నది. ఇవి ఈదేవాటికంటే నడిచేవి కదా. దాక్కునే చోట్లు రెండు కాదు, మూడు పెట్టండి. కుండపెంకులు, పెద్ద పీవీసీ పైపు ముక్కలు చాలు, అంచులు నున్నగా రుద్దాలి. తిండి పెట్టేటప్పుడు చెరో మూలా పట్టకారుతో పెట్టాలి. ఒకేచోట ఎర్రలు (వానపాములు) వేస్తే ఒకటి ఎర్రననుకుని రెండోదాని చెయ్యి పట్టేస్తుంది.

వైట్ క్లౌడ్ మినో

చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరున్న తెల్ల మేఘాల కొండ పేరు దీనికి పెట్టారు. నాలుగు సెంటీమీటర్లు మించదు. చల్లటి కొండ వాగుల చేప కనుక 18 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. నీటి పైభాగంలో, మధ్యలో చురుగ్గా తిరుగుతుంది, ఆక్సోలోటల్‌ అడుగున ఉంటుంది. ముళ్లు లేవు, మొప్పలు కొరికే అలవాటు దాదాపు లేదు. దాన్ని ఇది మింగేసినా గొంతుకి అడ్డం పడదు.

మింగుతుంది, అది మాత్రం ఖాయం. రాత్రి చేపలు కదలకుండా ఆగినప్పుడు పని జరుగుతుంది. పది వేస్తే ఆరు నెలలకి ఎన్ని మిగులుతాయో చెప్పలేం. పేరు పెట్టి పెంచుకునే చేప కావాలనుకుంటే వీటి జోలికి పోవద్దు. మా మేనల్లుడికి ఇదే చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే వద్దులే మావయ్యా" అన్నాడు.

మన ఊరి షాపుల్లో ఇవి ఎప్పుడూ ఉండవు, ముందు చెప్పి తెప్పించుకోవాలి. ఎనిమిది, పది కలిపి తీసుకోండి, అవి గుంపులోనే ధైర్యంగా ఉంటాయి. వచ్చినవాటిని నేరుగా ట్యాంకులో వెయ్యకుండా నెల రోజులు వేరే టబ్బులో ఉంచాలి. చేపలకి తెల్లమచ్చల జబ్బు వస్తే మామూలుగా ఏం చేస్తాం? నీళ్లు 30 డిగ్రీలకి వేడి చేస్తాం, లేదా మలకైట్ గ్రీన్ మందో, రాగి ఉన్న మందో వేస్తాం. ఆ వేడీ, ఆ మందులూ ఆక్సోలోటల్‌ని చంపేస్తాయి. జబ్బు ఒకసారి ఆ ట్యాంకులోకి వచ్చిందంటే మన చేతిలో మందు లేనట్టే. అందుకే ఆ నెల రోజులు తగ్గించొద్దు.

గప్పీలు, గోల్డ్ ఫిష్‌, రొయ్యలు, నత్తలు

గప్పీల గురించి ఎక్కువమంది అడుగుతారు, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, ఊరికే దొరుకుతాయి. 18 డిగ్రీలకి అవి కాస్త ఓర్చుకుంటాయి గానీ హాయిగా ఉండవు. కొన్ని మొప్పలు పొడుస్తాయి. నేనైతే వెయ్యను. గప్పీ అనుకుని దోమల కోసం వదిలే గంబూసియా చేపల్ని పట్టుకొచ్చి వేసేవాళ్లున్నారు. మలేరియా నివారణకి నూతుల్లో, గుంటల్లో వదులుతారే, అవి. చూడ్డానికి గప్పీ ఆడదానిలాగే ఉంటుంది. కానీ పక్క చేపల రెక్కల్ని కొరకడంలో అది చాలా గడుసుది. రెక్కల్ని వదలని చేప మెత్తటి మొప్పల్ని అసలే వదలదు.

గోల్డ్ ఫిష్‌ చల్లటి నీళ్ల చేప కదా, అది పనికొస్తుంది కదా అని షాపువాళ్లే చెబుతారు. వేడి లెక్క ఒక్కటే చూస్తే నిజమే. కానీ అది తిన్నంతసేపూ విసర్జిస్తుంది, నీళ్లలో అమ్మోనియా పెంచేస్తుంది. ఆక్సోలోటల్‌ చర్మం పలచనిది, దాంతో కూడా ఊపిరి తీసుకుంటుంది, ఆ అమ్మోనియాకి మొదట మాడేది అదే. గోల్డ్ ఫిష్‌ మొప్పల్ని చప్పరిస్తుంది కూడా. చిన్న గోల్డ్ ఫిష్‌ని తిండిగా వేసినా మంచిది కాదు, దాని ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పదే పదే తింటే విటమిన్ బి1 నాశనమవుతుంది.

చెర్రీ రొయ్యలు వెయ్యొచ్చు. అడుగున మిగిలిన తిండి ఏరుకుంటాయి, ఇది వాటిని ఏరుకుంటుంది. కానీ ఏటి రొయ్యపిల్లలు వేరు. అవి పెరిగి పట్టకార్లలాంటి పెద్ద కాళ్లు తెచ్చుకుంటాయి, నిద్రపోతున్న దాని వేళ్లు పట్టుకుంటాయి. పీతలు, క్రేఫిష్‌లు అసలు మాటే వద్దు.

నత్తలు అమాయకంగా కనబడతాయి. చిన్న నత్తని మింగితే ఆ గట్టి పెంకు పేగులో ఇరుక్కోవచ్చు, గులకరాళ్లు వద్దని చెప్పేదీ ఇందుకే. పెద్ద మిస్టరీ నత్తలు కొన్ని దీని వీపు మీదెక్కి జిగురు గీకుతాయి. చెరువు నత్తలు పురుగుల్ని మోసుకొస్తాయి. పొలాల్లో వానాకాలం దొరికే కప్ప పిల్లలు కూడా వద్దు. కప్పల్లో చర్మానికి పట్టే కైట్రిడ్ అనే శిలీంధ్రం ఆక్సోలోటల్‌కీ అంటుకుంటుంది. తాబేలు దీన్ని కొరుకుతుంది. పైగా మన దేశపు తాబేళ్లని ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం.

సక్కర్ ఫిష్‌, నా తప్పు

పాచి తింటుంది, ట్యాంకు అద్దం శుభ్రంగా ఉంచుతుంది అని ఒక షాపులో చెబితే అరచేయంత సక్కర్‌ని తెచ్చి వేశాను. మా ఆక్సోలోటల్‌కి అప్పటికి ఏడాదిన్నర. పగలు చూస్తే సక్కర్ మూల అద్దానికి అతుక్కుని ఉండేది, ఇది కుండపెంకు కింద ఉండేది. ఇంత శాంతంగా ఉన్నాయి కదా అనుకున్నాను.

రెండు వారాలకి ఇది తిండి మానేసింది. తోక కొన ముడుచుకుంది, మొప్పలు ముందుకి వంగాయి. వీపు మీద రెండు చోట్ల ఎర్రగా కందింది. ఒక రాత్రి రెండింటికి లేచి ఫోన్ వెలుగుతో చూశాను. సక్కర్ దీని వీపు మీద అతుక్కుని గీకుతోంది. ఒంటి మీద ఉండే జిగురు పొర దానికి రుచి. ఇది అడుగున అటూ ఇటూ పాకుతోంది గానీ వదిలించుకోలేకపోతోంది. పద్నాలుగు రాత్రులు అలా భరించిందన్నమాట. ఇప్పటికీ ఆ దృశ్యం తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

వెంటనే దీన్ని వేరే టబ్బులో చల్లటి శుభ్రమైన నీళ్లలో పెట్టి, రోజూ నీళ్లు మార్చాను. క్లోరిన్ తీసిన నీళ్లు, అదే వేడి. మళ్లీ ఎర్ర అందుకోవడానికి పదకొండు రోజులు పట్టింది.

సక్కర్‌కి వెన్ను మీదా పక్క రెక్కల్లోనూ గట్టి ముళ్లు ఉంటాయి. చిన్న సక్కర్‌ని, కోరిడోరాస్‌ని, జెల్ల పిల్లని, ఇంగిలాయి పిల్లని మింగబోతే ఆ ముల్లు విచ్చుకుని గొంతులో నిలబడిపోతుంది. నాగావళిలో జెల్ల ముల్లు చేతికి గుచ్చుకున్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. అడుగున తిరిగే ఏ చేపా, పేరు ఏదైనా, దీనితో వద్దు. ఇంకో మాట, వద్దనుకున్న సక్కర్‌ని ఏట్లోనో చెరువులోనో వదలొద్దు. చేపల రైతులు దెయ్యం చేప అని తలపట్టుకునేది దీన్నే. నేను నా సక్కర్‌ని పెద్ద ట్యాంకు ఉన్న స్నేహితుడికి ఇచ్చాను.

మేనల్లుడు ఏం చేశాడంటే

రెండో ఆక్సోలోటల్‌కి వాడి ట్యాంకు చాలదు, కొత్త ట్యాంకుకి వాళ్లింట్లో చోటు లేదు. మినోలు తింటుందంటే వాడికి మనసొప్పలేదు. అందుకని నేను ఇంకో దారి చెప్పాను. అదే బల్ల మీద, ఆక్సోలోటల్‌ ట్యాంకు పక్కన, ముప్పై లీటర్ల చిన్న ట్యాంకు పెట్టి అందులో గప్పీలు వెయ్యమన్నాను. విజయనగరం వాతావరణం గప్పీలకి సరిగ్గా సరిపోతుంది. చిల్లర్ అక్కర్లేదు, హీటర్ అక్కర్లేదు. వాడికి కదలిక కావాలి, అది అక్కడుంది. దీనికి చల్లదనం, నిశ్శబ్దం కావాలి, అవి ఇక్కడున్నాయి. వలలు, పైపులు, బకెట్లు మాత్రం రెండు ట్యాంకులకీ వేరువేరుగా ఉంచమన్నాను, వాటితోనే జబ్బులు దాటుతాయి.

మిగిలిన డబ్బుతో వాడు ఇన్వర్టర్‌కి ఇంకో బ్యాటరీ అడుగుతున్నాడు, మా చెల్లెలు ఆలోచిస్తోంది. నేను కొనమనే చెప్పాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజుల్లో నా దగ్గర ఆక్సోలోటల్‌ లేదు, ఉండి ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. ఇప్పుడు మాత్రం తుఫాను కబురు వినగానే ఫ్రీజర్‌లో లీటరు బాటిళ్లు ఆరు గడ్డకట్టిస్తాను. మామూలు రోజుల్లో వద్దన్న ఐస్ బాటిలే ఆ రోజు దిక్కు. ఒక్కొక్కటే వేసి, థర్మామీటరు చూస్తూ, నీళ్లు 22 దాటకుండా కాయాలి. ట్యాంకులో ఒక్క జీవే ఉంటే ఆ ఆరు బాటిళ్లు, చేత్తో కొట్టే గాలి పంపు ఒకటి ఉన్నా ఒకటి రెండు రోజులు నెట్టుకురావచ్చు.